వయసు మీదికి నెట్టేసిన జబ్బు

“వయసు మీద పడ్డంక చేయి వణకదా మరి!” మన భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్ జిల్లాల పల్లెల్లో ఈ మాట వినని వాకిలి ఉండదు. కొడుకు అంటాడు, పక్కింటివారు అంటారు, సూది వేసే ఆర్‌ఎంపీ అంటాడు. విచారకరమైన సంగతేమిటంటే, గోడకు పట్టా తగిలించుకున్న వైద్యుడు కూడా ఒక్కోసారి అదే అంటాడు. వినడానికి ఓదార్పులా ఉన్నా ఇది నిజానికి ఒక తీర్పు. ఆ తీర్పు వెలువడిన నాటినుంచి ఆ మనిషికి పరీక్ష ఉండదు, మందు ఉండదు. కొన్నాళ్ళకు పొలం ఉండదు, ఇంకొన్నాళ్ళకు ఇంటి ముందరి అరుగు కూడా ఉండదు. చివరికి నులక మంచం ఒక్కటే మిగులుతుంది. ఆ మాటకు ఎదురు చెప్పడానికే ఈ వ్యాసం.

వృద్ధాప్యం మనిషిని నెమ్మదింపజేస్తుంది, కాదనను. కానీ వృద్ధాప్యం రెండు చేతుల్లో ఒక చేతినే ఎంచుకొని వణికించదు. ఒక భుజాన్నే బిగించదు. నవ్వే ముఖాన్ని రాయిలా మార్చదు. ఇవి కనబడినప్పుడు తప్పు వయసుది కాదు. అది పార్కిన్సన్స్ వ్యాధి కావచ్చునని అనుమానించాలి. ఈ వ్యాధికి మందు వచ్చి అర్ధ శతాబ్దం దాటింది. ఆ మాత్ర ఒక్కొక్కటీ బస్టాండు దగ్గర తాగే చాయ్ ధరను మించదు. అది జబ్బును వేళ్ళతో పెకలించదు, కానీ మంచంలో ఉన్నవాడిని లేపి నడిపిస్తుంది. ఏళ్ళ తరబడి తన పని తాను చేసుకునేలా నిలబెడుతుంది. ఇంత చవకైన మేలును ఇంతమందికి అందకుండా చేస్తున్నది డబ్బు లేమి కంటే ముందు మన అలసత్వమే అని నా వాదన.

ముందు జబ్బు సంగతి కొంత చెప్పుకోవాలి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగులను గమనించి ఒక చిన్న పుస్తకం రాశాడు. వారిలో కొందరు ఆయన దగ్గరికి వైద్యానికి వచ్చినవారు కూడా కారు, వీధిలో నడుస్తూ కనబడినవారు. చూపు ఉన్న వైద్యుడికి ఈ జబ్బు వీధిలోనే కనబడుతుందన్నమాట! తరువాత ఫ్రాన్సు వైద్యుడు షార్కో ఆయన పేరే ఈ జబ్బుకు పెట్టాడు. మన ఆయుర్వేదం కంపవాతం అని చెప్పుకున్న రోగానికీ దీనికీ పోలిక ఉంది. మెదడు కాండంలో పై భాగాన నల్లని రంగుతో ఉండే ఒక చిన్న ప్రాంతం ఉంది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారు చేస్తాయి. మనం అనుకున్న కదలికను తడబాటు లేకుండా, తగిన వేగంతో నడిపించడానికి అది కావాలి. ఆ కణాలు ఒకటొకటిగా చనిపోవడమే పార్కిన్సన్స్. చేయి వణకడం మొదలయ్యేనాటికే వాటిలో దాదాపు సగం పోయి ఉంటాయి. చనిపోతున్న కణాల్లో ఆల్ఫా సైన్యూక్లీన్ అనే మాంసకృత్తు ముద్దలు కట్టి ఉంటుందని 1997లో తెలిసింది. ఎందుకలా ముద్ద కడుతుందన్నది ఇంకా పరిశోధనలోనే ఉంది.

ఇక లక్షణాలు. ఇక్కడ కాస్త నిలబడదాం. మన దగ్గర పొరపాటంతా ఇక్కడే జరుగుతోంది.

ఈ వ్యాధికి జనం పెట్టుకున్న పేరు వణుకుడు రోగం. ఆ పేరే సగం చేటు చేసింది. దీనికి అసలు లక్షణం వణుకు కాదు, మందగమనం. వణుకు చాలామందిలో ఉంటుంది, కొందరిలో అసలే ఉండదు. మందగమనం మాత్రం ఉండి తీరాలి. ఆ మందగమనం మన జీవితంలో ఎలా కనబడుతుందో పాఠ్యపుస్తకాల్లో ఉండదు. పత్తి ఏరేటప్పుడు కుడి చేయి వెనకబడుతుంది, పక్క సాలులోని వారు ముందుకు పోతారు. అన్నం కలిపే వేళ్ళు బరువెక్కుతాయి. అంగీ గుండీ పెట్టుకోవడానికి పావుగంట పడుతుంది. నడిచేటప్పుడు ఒక చేయి ఊగదు, పక్కకు అతికించినట్టు వేలాడుతుంది. సంతకం చిన్నదవుతూ చివరి అక్షరానికి చీమ తలంత అవుతుంది. బ్యాంకులో ఆ సంతకం కలవక పింఛను ఆగిపోయినవారిని చూశాను. సంతకం చేయనవసరం లేని ఆడవారిలో ఇదే మార్పును వాకిట్లో వెతకాలి. ఏళ్ళుగా వాకిలి నిండా ముగ్గు వేసినావిడ ముగ్గు కుంచించుకుపోతుంటే, గీత గీతకూ దగ్గరపడుతుంటే, కోడలికి అది విసుగు కావచ్చు, వైద్యుడికి అది ఆనవాలు.

ముఖంలో భావం తగ్గుతుంది. “మా నాయన ఎవరితోనూ మాట్లాడడు, ముఖం ముడుచుకొని కూర్చుంటాడు” అని ఇంట్లోవారు నిష్ఠూరమాడతారు. ఆయన ముడుచుకోలేదు, ఆ కండరాలకు ఆజ్ఞ అందడం లేదు. గొంతు సన్నబడుతుంది. అడుగులు చిన్నవై, ముందుకు తూలుతూ పడతాయి. గడప దగ్గరికి రాగానే పాదాలు నేలకు అంటుకుపోయినట్టు నిలిచిపోతాయి. వీటన్నిటికంటే ఏళ్ళ ముందే వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కేకలు వేస్తూ కాళ్ళు చేతులు విసరడం, కారణం లేని దిగులు వచ్చి ఉంటాయి. నిద్రలో అరిస్తే గాలి సోకిందని తాయెత్తు కడతారు. తాయెత్తు వల్ల హాని లేదు, దానితో ఊరుకోవడం వల్లనే హాని.

వణుకు సంగతికొస్తే, పార్కిన్సన్స్ వణుకు చేయి విశ్రాంతిగా ఉన్నప్పుడు వస్తుంది. ఒడిలో పెట్టుకున్న చేతి బొటనవేలు, చూపుడువేలు బీడీ చుడుతున్నట్టు కదులుతాయి. చేత్తో ఏదైనా అందుకోబోతే తగ్గుతుంది. దీనికి విరుద్ధంగా, చాయ్ గ్లాసు ఎత్తినప్పుడు మాత్రమే రెండు చేతులూ వణికి, ఒడిలో పెట్టుకుంటే ఆగిపోయే వణుకు వేరే రకం. అది తరచు కుటుంబాల్లో వస్తుంది, దానికి మందూ వేరు. కాబట్టి వణికిన ప్రతివారికీ పార్కిన్సన్స్ అని భయపడనక్కరలేదు. వణకనివారికి అది లేదనీ నిశ్చింతగా ఉండరాదు. వణుకు లేకుండా ఒక భుజం నొప్పి, బిగుతుతో మొదలైన రోగుల్ని ఎముకల వైద్యుల చుట్టూ తిప్పి, భుజంలో సూదులు వేయించి, చివరకు “నరాల బలహీనత” అని బలం సూదులతో సరిపెట్టడం మన దగ్గర రివాజు. నరాల బలహీనత అనే జబ్బు ఏ వైద్య గ్రంథంలోనూ లేదు. జవాబు తెలియనప్పుడు చెప్పే జవాబు అది.

ఈ వ్యాధిని గుర్తించడానికి స్కానింగు కూడా అవసరం లేదు. మామూలు ఎంఆర్ఐలో పార్కిన్సన్స్ కనబడదు. ఇతర కారణాలు లేవని తేల్చుకోవడానికే దాన్ని తీస్తారు. రోగిని పది అడుగులు నడిపించి, వేళ్ళు తట్టించి, మోచేయి వంచి చూసి, నాలుగు వాక్యాలు రాయించి, ఇంట్లోవారిని పది నిమిషాలు ప్రశ్నిస్తే అనుమానం బలపడుతుంది. ఆపైన మందు ఇచ్చి చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఇది ఎంబీబీఎస్ చదివిన ఎవరైనా చేయగల పని. కావలసింది యంత్రం కాదు, ఒక కుర్చీ, ఒక వరండా, కాసింత తీరిక. పావుగంట కేటాయించలేని వైద్యులే వేల రూపాయల స్కానింగుకు చీటీ రాస్తున్నారని నేను కటువుగానే అంటున్నాను.

మందు చరిత్రలో మన నేలకూ పాలు ఉంది. అది మనవారికే తెలియదు. చేలగట్ల మీద పాకే దూలగొండి తీగ మనకు దురదకే గుర్తు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి లెవోడోపా అనే పదార్థాన్ని వేరు చేసి చూపించారు. అది దేనికి పనికొస్తుందో అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చి కదలకుండా చేశాడు. ఆ రిసర్పిన్ కూడా మన సర్పగంధి వేరు నుంచి వచ్చినదే. తరువాత ఆ కుందేళ్ళకు లెవోడోపా ఇవ్వగానే అవి లేచి తిరిగాయి. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ పార్కిన్సన్స్‌తో చనిపోయినవారి మెదళ్ళను పరీక్షించి, వాటిలో డోపమైన్ అడుగంటిందని నిరూపించాడు. మరుసటి ఏడాదే అక్కడి రోగులకు లెవోడోపా సూది ఇస్తే మంచంలోనివారు లేచి నడిచారు. 1967లో అమెరికాలో కొట్జియాస్ నోటిద్వారా క్రమంగా మోతాదు పెంచుతూ ఇచ్చే పద్ధతిని స్థిరపరిచాడు. 1970లలో దానికి కార్బిడోపా జత కలిసి వాంతులు తగ్గాయి. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఇప్పుడు అరవై దాటినవారు చిన్నపిల్లలుగా ఉన్ననాటికే ఈ మందు ఉంది. అది వారి ఊరు చేరడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టాలి?

కొంతవరకు బాధ్యత మా వృత్తిదే. “లెవోడోపా ఐదేళ్ళే పనిచేస్తుంది, ఇప్పుడే వాడేస్తే తరువాత ఏమీ మిగలదు, కాబట్టి ఆలస్యం చేద్దాం” అనే నమ్మకం వైద్యులలో పాతుకుపోయింది. మందు ధాన్యం గాదె కాదు, ఇప్పుడు తీస్తే రేపటికి తరిగిపోవడానికి. కొన్నేళ్ళకు మందు ప్రభావం ముందే దిగిపోవడం, ఒళ్ళు మెలికలు తిరిగినట్టు అనవసర కదలికలు రావడం నిజమే. అవి మందు ఎప్పుడు మొదలుపెట్టామన్నదాని మీద కంటే జబ్బు ఎంతకాలంగా ఉందన్నదాని మీద ఎక్కువగా ఆధారపడతాయి. దీనికి మంచి సాక్ష్యం ఆఫ్రికా నుంచి వచ్చింది. ఘనాలో మందు అందుబాటు లేక రోగులు సగటున నాలుగేళ్ళ జబ్బు తరువాత లెవోడోపా మొదలుపెట్టారు. ఇటలీలో సుమారు రెండున్నరేళ్ళకే మొదలుపెట్టారు. ఇరువురినీ పోల్చిన అధ్యయనం 2014లో వెలువడింది. ఆ అనవసర కదలికలు ఇద్దరిలోనూ జబ్బు మొదలైన నాటినుంచి ఇంచుమించు అంతే కాలానికి వచ్చాయి. అంటే ఘనా రోగులు ఆలస్యం వల్ల ఏమీ పొదుపు చేయలేదు, మంచిగా గడపదగిన రెండేళ్ళు పోగొట్టుకున్నారు, అంతే. 2019లో నెదర్లాండ్స్ అధ్యయనమొకటి ముందుగా మొదలుపెట్టడం వల్ల జబ్బు ముదిరిపోదని కూడా చూపింది. జబ్బు ఆగిపోదనీ చూపింది. ఎవరూ ఆగుతుందని చెప్పవద్దు. చేయి ఆడక, పని జరగక బాధపడుతున్నవాడికి మందు దాచిపెట్టడం పొదుపు కాదు, పీడన.

లెవోడోపా భయంతో కొందరు ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులతో మొదలుపెడతారు. చిన్న వయసువారిలో దానికి తర్కం ఉంది. అయితే ఆ మందులు కొందరిలో అదుపులేని కోరికలు పుట్టిస్తాయి. జన్మలో ముక్క పట్టనివాడు పేకాటకు బానిస కావచ్చు. ఇంట్లోవారికి ఈ సంగతి చెప్పకుండా చీటీ రాయడం తప్పు. ఇంకొందరు పాసిటేన్ పేరుతో తెలిసిన ట్రైహెక్సిఫెనిడిల్‌ను ముసలివారికి కళ్ళు మూసుకొని రాస్తారు. అది వణుకును కొంత తగ్గిస్తుంది, మందగమనానికి పెద్దగా చేసేదేమీ లేదు. పైగా డెబ్బై ఏళ్ళ మనిషికి మతిమరుపు, గందరగోళం తెచ్చి, మూత్రం బిగిస్తుంది. అప్పుడు దానికీ “వయసే” అంటారు!

ఇంతకంటే ఘోరం మరొకటుంది. జబ్బుకు మందివ్వకపోవడం ఒక ఎత్తు, మందుతో జబ్బు తెప్పించడం ఇంకొక ఎత్తు. కడుపు ఉబ్బరమంటే చాలు, గ్యాసు మాత్రలో లెవోసల్పిరైడ్ కలిసిన రకం రాస్తున్నారు. కండ్లు తిరుగుతున్నాయంటే సిన్నరిజిన్, తలనొప్పికి ఫ్లూనరిజిన్, వాంతికి మెటాక్లోప్రమైడ్, కొన్నిసార్లు ప్రోక్లోర్‌పెరజిన్. ఇవన్నీ మెదడులో డోపమైన్ పనికి అడ్డుపడగలవు. వారం పది రోజులు వాడితే చాలామందికి ఏమీ కాదు. నెలలు, ఏళ్ళు వాడితే, ముఖ్యంగా ముసలివారిలో, అచ్చు పార్కిన్సన్స్ లాంటి స్థితినే తెస్తాయి. ఇది నిన్న మొన్న తేలిన విషయం కాదు. ఫ్లూనరిజిన్, సిన్నరిజిన్‌ల గురించి 1980లలోనే స్పెయిన్, దక్షిణ అమెరికా వైద్యులు హెచ్చరించారు. లెవోసల్పిరైడ్‌కు అమెరికాలో అనుమతే లేదు. మన దగ్గర చీటీ లేకుండా కౌంటరు మీద దొరుకుతుంది. ఒకసారి రాసిన చీటీ పట్టుకొని మూడేళ్ళు అదే కొనుక్కుంటారు. మందు ఆపితే అనేకులు కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో కోలుకుంటారు. ఆపేవారెవరు? చేయి వణికిందని వెళితే, ఆ గ్యాసు మాత్రను అలాగే ఉంచి, వణుకుకు పాసిటేన్ చేర్చి, దానివల్ల వచ్చిన మలబద్ధకానికి ఇంకో సీసా రాసిన చీటీలు నా చేతికి వచ్చాయి. ఒక్క చీటీలో మూడు తప్పులు.

పార్కిన్సన్స్ లక్షణాలతో ఎవరు వచ్చినా మొదట అడగవలసింది గత ఏడాదిగా వాడిన మందుల సంచి. ఇంట్లోవారికీ ఇదే మనవి. దవాఖానకు వెళ్ళేటప్పుడు రిపోర్టుల కంటే ముందు ఆ సంచి పట్టుకెళ్ళండి, ఖాళీ అట్టలతో సహా. అయితే మానసిక వ్యాధికి వాడుతున్న మందుల్లో కూడా కొన్ని ఇలాంటి స్థితి తెస్తాయి. వాటిని మాత్రం సొంతంగా ఆపరాదు, రాసిన వైద్యుడినే అడగాలి.

దూలగొండి పొడి గురించి నన్ను తరచు అడుగుతారు. “మందు వచ్చిందే దానినుంచి గదా, అదే తింటే పోలే?” అని. ప్రశ్న న్యాయమైనదే. ఆ గింజలో నిజంగానే లెవోడోపా ఉంది, పరిశోధనల్లో అది పనిచేసింది కూడా. చిక్కు ఎక్కడంటే, ఏ పొట్లంలో ఎంత ఉందో తెలియదు, దానిలో కార్బిడోపా ఉండదు. మాత్రలు వాడుతూ రహస్యంగా పొడి కూడా తింటే మోతాదు మించి, వాంతులు, లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోవడం, మతి చలించడం జరగవచ్చు. కొలిచి పెట్టిన మాత్ర అంత చవకగా ఉండగా కొలతలేని పొడికి వందలు పోయడంలో తెలివి లేదు. ఇక మూలకణాల సూదితో పార్కిన్సన్స్ నయం చేస్తామని లక్షలు అడిగేవారి సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. అధికారిక పరిశోధనలో భాగంగా తప్ప అలాంటి చికిత్స చేయరాదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. మీ ఎకరం అమ్మకండి.

మెదడులో సన్నని తీగలు అమర్చి విద్యుత్ ప్రేరణ ఇచ్చే శస్త్రచికిత్స ఉంది. 1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో బెనబిద్ బృందం దీనికి బాట వేసింది. హైదరాబాదులో నిమ్స్‌లోనూ, కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ చేస్తున్నారు. ఇది మంచి చికిత్సే, ఎంచి చేస్తే. లెవోడోపాకు బాగా స్పందించి, కొన్నేళ్ళకు ప్రభావం ఎగుడుదిగుడైనవారికి ఇది మేలు చేస్తుంది. లెవోడోపాకే స్పందించని లక్షణాలకు సాధారణంగా ఇదీ పనిచేయదు. జబ్బు నయం కాదు, మాత్రలు పూర్తిగా ఆగిపోవు. కానీ పత్రికల్లో వచ్చే వార్త ఎప్పుడూ దీని గురించే. ‘వణుకు మాయం’ అన్న శీర్షిక, పక్కన వైద్య బృందం ఫొటో. టేకుమట్లలోనో మహాముత్తారంలోనో ఒక మాత్ర కూడా మింగి ఎరుగని రోగికి ఈ వార్త ఏం చెబుతుంది? నా జబ్బుకు వైద్యం లక్షల్లో ఉంది, నాకు కాదు అని చెబుతుంది. నాలుగు రూపాయల మందును నాలుగు లక్షల యంత్రం నీడలో దాచేశాం.

ప్రభుత్వం వంతు చెప్పకపోతే ఈ వాదన సగమే. లెవోడోపా-కార్బిడోపా మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. సంతోషమే. కానీ ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. నెల నెలా వాడుకోవలసిన మాత్రకు అది అక్కరకు రాదు. అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో బీపీ, షుగరు, క్యాన్సరు, పక్షవాతం ఉన్నాయి, పార్కిన్సన్స్ పేరు లేదు. అందుకే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బీపీ చూసి మాత్రలిచ్చి వెళుతుంది, అదే గదిలో మూలన కదలక కూర్చున్న ముసలాయనను ఎవరూ రాసుకోరు. ఆయన బొమ్మ ఆమె పుస్తకంలో ఏ గడిలోనూ పట్టదు.

“నరాల నిపుణులు లేని చోట ఇదెలా సాధ్యం?” అంటారు. మహబూబాబాద్‌లో 2022లో, భూపాలపల్లి, జనగామలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వైద్య కళాశాల ఉన్న జిల్లాలో పార్కిన్సన్స్ గుర్తుపట్టేవారు లేరంటే ఆ కళాశాల ఏం నేర్పుతున్నట్టు? జనరల్ మెడిసిన్ వైద్యుడు గుర్తించి మందు మొదలుపెట్టవచ్చు, సందేహముంటే ఈ-సంజీవని ద్వారా దూరంగా ఉన్న నిపుణుడికి చూపించవచ్చు, చిక్కుపడ్డ కేసును వరంగల్‌కో నిమ్స్‌కో పంపవచ్చు. భూపాలపల్లి నుంచి హైదరాబాదు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. గడప దాటడానికి తడబడేవాడిని మాత్ర కోసం నెలనెలా అంతదూరం బస్సెక్కించడం వైద్యవిధానం అనిపించుకోదు. అదే పట్టణంలో సింగరేణి కార్మికుడికి కంపెనీ దవాఖాన ఉంది, మందు ఉంది. అది ఆ కార్మికులు పోరాడి తెచ్చుకున్న హక్కు. బావి గేటు బయట చేను దున్నిన కౌలు రైతుకు అదే మెదడు, అదే జబ్బు.

“అరుదైన జబ్బు, ఎందరికని చేస్తాం?” అనే వాదన ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా ఈ వ్యాధితో ఉన్నారు. పాతికేళ్ళలో ఆ సంఖ్య రెట్టింపయింది. ఎక్కువకాలం బతికే సమాజానికి ఇది అరుదుగా మిగలదు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సభ మూర్ఛ, ఇతర నాడీ వ్యాధుల మీద 2031 వరకు ఒక కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. మందుల అందుబాటు దానిలో ఒక లక్ష్యం. మన పార్లమెంటు 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను పేరు పెట్టి వైకల్యాల పట్టికలో చేర్చింది. చట్టం పుస్తకంలో ఉంది, సదరం శిబిరంలో క్యూలో నిలబడ్డ కుటుంబానికి ఆ సంగతి చెప్పేవారు కరువు.

పత్తి, మిర్చి చేల జిల్లా కాబట్టి గడ్డి మందు ప్రస్తావన తప్పదు. పారాక్వాట్ వాడిన రైతుల్లో పార్కిన్సన్స్ ఎక్కువగా ఉందని 2011లో అమెరికా అధ్యయనమొకటి తేల్చింది. అది కారణమని నిరూపణ కాదు, సంబంధం ఉందని మాత్రమే. కానీ ఐరోపా సమాఖ్యలో 2007 నుంచి ఆ మందుకు తావు లేదు. మింగితే విరుగుడు లేని విషమని మన వైద్యులందరికీ తెలుసు. పిచికారీ చేసేవారు వట్టి చేతులు, వట్టి కాళ్ళతో చేలో దిగడం ఇప్పటికీ చూస్తున్నాం. దీని మీద విడిగా రాయవలసినంత ఉంది.

ఇప్పటికే మందు మొదలుపెట్టినవారికి రెండు మూడు మాటలు. అవి తెలియకే చాలామంది “పడలేదు” అని మానేస్తున్నారు. లెవోడోపా 100 మిల్లీగ్రాములకు కార్బిడోపా 10 కలిసిన మాత్ర, 25 కలిసిన మాత్ర రెండూ దొరుకుతాయి. వాంతులు రాకుండా ఆపడానికి రోజుకు కనీసం 70 మిల్లీగ్రాముల కార్బిడోపా కావాలి. మొదటి రకం మూడు పూటలా వేసుకున్నా 30 మిల్లీగ్రాములే అందుతుంది. అందుకే కడుపులో తిప్పుతుంది. వైద్యుడిని రెండో రకం అడగండి. వాంతి ఆగడానికి మెటాక్లోప్రమైడ్ సూది వేయించుకోవద్దు. మాత్రను తిండికి అరగంట ముందో, గంట తరువాతో వేసుకోవాలి. పప్పు, గుడ్డు, పాలు, మాంసంతో కలిపితే మందు సరిగా ఒంటబట్టదు. అవి మానేయమని కాదు, వేళ మార్చమని. ఐరన్ మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఉపవాసమనీ, ఊరికెళ్ళామనీ, షాపులో లేదనీ ఒక్కసారిగా ఆపరాదు. ఆపితే తీవ్ర జ్వరంతో ఒళ్ళంతా బిగుసుకొని ప్రాణం మీదికి రావచ్చు. పండుగకు వారం ముందే మందు తెచ్చిపెట్టుకోండి. రోజూ నడక, ఒళ్ళు సాగదీయడం మందుతో సమానంగా అవసరం. పాదాలు అంటుకుపోయే చోట నేల మీద సున్నంతో అడ్డగీతలు గీయండి, ఆ గీతలు దాటమంటే ఆగిన కాలు కదులుతుంది. బాగా ముసలివారిలో లేనివి కనబడుతున్నాయంటే మందు ఆపకుండా వైద్యుడికి చెప్పండి, మోతాదు సర్దుతారు.

మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి మందు అడిగేటప్పుడు కంపెనీ పేరు చెప్పకండి. “లెవోడోపా 100, కార్బిడోపా 25” అని కాగితం మీద రాసుకెళ్ళండి. స్టాకు లేదంటే గొడవ పడనక్కరలేదు. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న ఈ మందును వచ్చే ఇండెంటులో చేర్చవలసిందిగా వైద్యాధికారికి అర్జీ రాసివ్వండి. రోగి పేరు, నెలకు కావలసిన మాత్రల సంఖ్య అందులో రాయండి. ముద్ర వేయించి నకలు తెచ్చుకోండి. ఒక ఊరి నుంచి ఒక అర్జీ వస్తే బల్ల సొరుగులో పడుతుంది. మండలం నుంచి పది వస్తే జిల్లా వైద్యాధికారి దాకా పోతాయి.